లిస్బన్ టౌన్ హాల్‌ని ఒక పూటలో చూడటం ఎలా

లిస్బన్ వచ్చే మనవాళ్ళ దగ్గర్నుంచి నాకు రెండు మెసేజ్‌లు వస్తుంటాయి. బయల్దేరే ముందు ఒకటి: "సిటీ మధ్యలో పాత టౌన్ హాల్ ఉందట కదండీ, చూడదగ్గదేనా?" చూసొచ్చాక ఇంకోటి: "వెళ్ళాం అండీ. తెల్లటి బిల్డింగు, ముందు ఒక స్తంభం. రెండు ఫోటోలు తీసుకుని వచ్చేశాం. అంతేనా?"

వాళ్ళ తప్పేం లేదు. నేనూ మొదటిసారి ఐదు నిమిషాల్లో చూసి వచ్చేసినవాణ్ణే. అంతకంటే ఘోరం, మొదటి వారంలో పక్క చౌక్‌లోని మంత్రిత్వ శాఖ బిల్డింగు ఫోటో తీసి "ఇదే మా టౌన్ హాల్" అని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. ఆ ఫోటో ఇప్పటికీ మా పెద్దమ్మ ఫోన్‌లో అదే పేరుతో ఉంది.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నాను. ముందుగా ఒక్క సలహా. ఈ బిల్డింగు దగ్గర "ఎప్పుడు కట్టారు?" అని అడిగితే మీకు ఒక సంవత్సరం దొరుకుతుంది, దాంతో పని జరగదు. "ఎప్పుడెప్పుడు పోయింది?" అని అడగండి. భూకంపంలో ఒకసారి, మంటల్లో రెండుసార్లు. కింది స్టెప్పులన్నీ ఆ వరసలోనే పెట్టాను.

కావలసినవి

- రెండున్నర గంటల టైమ్. మధ్యాహ్నం తర్వాతైతే మంచిది. బిల్డింగు ముఖం పడమరకు ఉంటుంది కాబట్టి పొద్దున వెళ్తే సూర్యుడు దాని వెనక ఉంటాడు, ఫోటోలో శిల్పాలన్నీ నల్లటి ముద్దలైపోతాయి.
- పట్టు ఉన్న బూట్లు. ఇక్కడి ఫుట్‌పాత్‌లు చిన్న చిన్న సున్నపురాళ్ళు పేర్చి చేసినవి, జనం నడిచి నడిచి అద్దంలా నున్నబడ్డాయి. వాన పడితే నూనె పోసినట్టే. హవాయి చెప్పులు వద్దే వద్దు.
- జూమ్ బాగా ఉన్న ఫోన్, లేదంటే చిన్న బైనాక్యులర్. అసలు చూడాల్సింది చాలావరకు పై అంచున ఉంది.
- పాస్‌పోర్టు లేదా ఏదో ఒక గుర్తింపు కార్డు. లోపలికి వెళ్ళే వీలు చిక్కితే అడగొచ్చు.
- మూడు సంవత్సరాలు: 1755, 1863, 1996. నాలుగోది 1910, అది కాలిన సంవత్సరం కాదు, జెండా మారిన సంవత్సరం. ఫోన్‌లో నోట్ చేసుకోండి.

పేర్ల సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మున్సిపాలిటీని ఇక్కడ 'కామర మునిసిపాల్' అంటారు, వాడుకలో ఉట్టి 'కామర'. ఆ కామర కొలువుండే బిల్డింగు 'పాసుస్ దు కొన్సెల్యు'. పాసు అంటే రాజభవనమే, కానీ ఇక్కడ రాజుతో సంబంధం లేదు, మునిసిపాలిటీ కొలువు అని అర్థం. బిల్డింగు ఉన్న చౌక్ పేరు 'ప్రాసా దు మునిసీపియు'. పోర్చుగీసులో కొన్సెల్యు అనే మాట రెండు రకాలుగా రాస్తారు. 'సి' అక్షరంతో రాస్తే పురపాలక ప్రాంతం, 'ఎస్'తో రాస్తే సలహా లేదా సలహామండలి. పలికితే రెండూ ఒకటే. మ్యాప్‌లో తప్పు అక్షరంతో వెతికి ఇంకెక్కడికో పోయినవాళ్ళు నాకు తెలుసు. సరైన పేరు కాపీ చేసి పెట్టుకోండి.

స్టెప్ 1: టౌన్ హాల్ దగ్గర మొదలుపెట్టకండి

మెట్రోలో నీలం లైన్ ఎక్కి తెరైరు దు పాసు స్టేషన్‌లో దిగండి. పైకి రాగానే ఎదురుగా నది, ఇటు పక్క పసుపు రంగు ఆర్కేడ్‌లతో, అంటే కమానుల వరండాలతో, పెద్ద చౌక్. ఇది ప్రాసా దు కొమెర్సియు. పాతవాళ్ళు ఇప్పటికీ తెరైరు దు పాసు అనే అంటారు, అంటే రాజభవనం ముందు మైదానం. ఆ రాజభవనం ఇప్పుడు లేదు. 1755 నవంబర్ 1, సర్వ పునీతుల పండగ రోజు పొద్దున, జనం చర్చిల్లో ఉండగా భూకంపం వచ్చింది. వెనకే నది మీదుగా సునామీ వచ్చింది, ఆ తర్వాత రోజుల తరబడి మంటలు. రాజభవనం పోయింది, సే కెథెడ్రల్ దగ్గర సెయింట్ ఆంథోనీ చర్చిని ఆనుకుని ఉన్న అప్పటి నగరసభ చోటూ పోయింది.

తర్వాత మంత్రి పొంబాల్ అధికారం కింద, ఇంజనీర్ మనుయెల్ ద మాయా, ఆర్కిటెక్ట్ యుజేనియు దుస్ సాంతుస్, కార్లుస్ మార్దెల్ లాంటివాళ్ళు కింది ఊరు మొత్తాన్ని స్కేలు పెట్టి గీసినట్టు మళ్ళీ కట్టారు. ఆ ప్రాంతాన్ని బైషా అంటారు.

ఇక్కడ మీరు చేయాల్సిన పని: చౌక్‌కి ఉత్తరాన ఉన్న పెద్ద ఆర్చి కింద నుంచి రువా అగుస్తాలోకి ఒక ఇరవై అడుగులు వేసి, ఏదో ఒక మామూలు బిల్డింగును తలెత్తి చూడండి. కిటికీలు లెక్కపెట్టండి. ఒకే సైజు, ఒకే వరస, ఒకే రకం రాతి చట్రం, శిల్పాలు పెద్దగా ఉండవు. పక్క బిల్డింగూ అంతే. గోడల లోపల చెక్కతో పంజరంలా అల్లిన చట్రం ఉంటుంది. దాన్ని 'గయోలా' అంటారు, అంటే పక్షుల పంజరమే. భూమి కదిలితే చెక్క ఊగుతుంది గానీ విరగదని ఆ ఏర్పాటు. బయటికి కనపడదు, వెతక్కండి.

ఈ సాదా ముఖాన్ని ఒక ఫోటో తీసి పెట్టుకోండి. స్టెప్ 4లో దీంతో పని ఉంది. దీన్ని చూడకుండా టౌన్ హాల్ దగ్గరికి పోతే అక్కడ ఏది మామూలు, ఏది డాబు అన్నది తెలీదు.

*జాగ్రత్త:* చౌక్ చుట్టూ ఉన్న ఆర్కేడ్ బిల్డింగులు టౌన్ హాల్ కాదు. నేను పడ్డ గోతిలో మీరు పడకండి. ట్రామ్‌ల దగ్గర, ఆర్చి కింద జేబుదొంగలు ఉంటారు, బ్యాగు ముందుకు వేసుకోండి.

స్టెప్ 2: రువా దు ఆర్సెనాల్ మీదుగా నడవండి

నదికి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపు మూల నుంచి పడమరకు పోయే వీధి అది. ఆ మలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1908 ఫిబ్రవరి 1న రాజు మొదటి కార్లుస్, యువరాజు లూయిస్ ఫిలిప్ గుర్రబ్బండిలో ఈ మలుపు తిరుగుతుండగా కాల్చి చంపారు. ఇది ఎందుకు గుర్తుపెట్టుకోవాలో స్టెప్ 5లో తెలుస్తుంది. ఇక్కణ్ణుంచి టౌన్ హాల్ బాల్కనీ మూడు నాలుగు నిమిషాల నడక. రాచరికానికి కాటి దారి అంత దగ్గర.

వీధిలో ట్రామ్‌లు గోడలకు దగ్గరగా పోతాయి, ఫోన్ చూస్తూ నడవకండి. కుడివైపు ఒక పొడవాటి గోడ దాటగానే చౌక్ తెరుచుకుంటుంది. ఆ గోడ టౌన్ హాల్ పక్క గోడే. చాలామంది ఇక్కడే ఆగి తలెత్తి చూడటం మొదలుపెడతారు. వద్దు. బిల్డింగుకి వీపు పెట్టి చౌక్ మధ్యకు నడవండి.

స్టెప్ 3: ముందు నేల, తర్వాత స్తంభం

నేల మీద నలుపు తెలుపు రాళ్ళ డిజైన్ చూడండి. పాత ఊరు కదా, ఇదీ పాతదే అనుకుంటారు అందరూ. కాదు, కళాకారుడు ఎదువార్దు నెరి 1990లలో వేసిన జ్యామితి డిజైన్ ఇది. లిస్బన్‌లో మిగతా చోట్ల కనిపించే అలలు, లతలు, ఓడలు ఇందులో ఉండవు, గీతలూ కోణాలే.

ఇక స్తంభం. మా బాబాయిని తీసుకెళ్ళినప్పుడు ఆయన మొదటి మాట: "గవర్నమెంటు ఆఫీసు ముందు ధ్వజస్తంభమేంట్రా?" పోలిక మరీ తప్పేం కాదు. గుడికి ధ్వజస్తంభం ఎలాగో పోర్చుగీసు ఊరికి ఇది అలాగ. దీన్ని 'పెలొరీన్యు' అంటారు. ఊరికి సొంత న్యాయాధికారం, సొంత పాలన ఉన్నాయని చెప్పే గుర్తు. నేరం చేసినవాణ్ణి దీనికి కట్టి నలుగురిలో కొరడా దెబ్బలు కొట్టడం, నిలబెట్టి పరువు తీయడం కూడా దీని దగ్గరే. మన బొండకొయ్యకీ రచ్చబండకీ కలిపి పుట్టిన బిడ్డ అనుకోండి.

దగ్గరికి వెళ్ళి ఇవి చూడండి:

కాండం ఒక్కటి కాదు, మెలితిరిగిన పోగులు. తాడు పేనినట్టు ఉంటుంది, పోగుల మధ్య ఖాళీ ఉంటుంది, ఒక కోణం నుంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది. ఒకే రాతిబండలో చెక్కింది అంటారు. చుట్టూ మెల్లగా ఒక రౌండు తిరగండి, ఖాళీ మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పిల్లలకు ఇది చూపిస్తే బిల్డింగుకన్నా ఎక్కువ నచ్చుతుంది.

పైన లోహపు గోళం. అడ్డంగా ఒక పట్టీ, చుట్టూ వలయాలు. ఓడల కాలంలో నక్షత్రాల గతి లెక్కకు వాడిన పరికరం రూపం అది. ఇదే గోళం పోర్చుగల్ జెండా మీద కూడా ఉంది, స్టెప్ 5లో మళ్ళీ చూస్తారు.

ఈ స్తంభం పద్దెనిమిదో శతాబ్దం చివరిది, యుజేనియు దుస్ సాంతుస్ డిజైన్. అంటే దాని వెనకున్న బిల్డింగుకన్నా రెండు మూడు తరాలు పెద్దది. వెనకున్న మొదటి టౌన్ హాల్ కాలిపోవడం ఇది నిలబడి చూసింది. చౌక్ పేరు కూడా ఒకప్పుడు దీని మీదే ఉండేది.

*చాలామంది చేసే పొరపాటు:* ఉరికంబం అనుకోవడం. ఉరి వేసే చోటు వేరు, దానికి వేరే మాట ఉంది. ఇంకొక పొరపాటు, పోర్చుగల్ మొత్తంలో ఇదొక్కటే అనుకోవడం. చిన్న చిన్న ఊళ్ళలో కూడా టౌన్ హాల్ ఎదురుగా రాతి పెలొరీన్యులు వందల్లో ఉన్నాయి. మనవాళ్ళు ఏటా వెళ్ళే గోవాలోనూ ఉంది. పాత గోవాలో రోడ్డు పక్కన నల్లటి స్తంభం ఒకటి కనిపిస్తుంది. స్థానికులు 'హాత్‌కాత్రో ఖాంబ్' అంటారు, చేతులు నరికే స్తంభం అని. పాత గుడి స్తంభాన్నే పోర్చుగీసువాళ్ళు పెలొరీన్యుగా వాడుకున్నారని చెబుతారు. ఈసారి గోవా వెళ్ళినప్పుడు చర్చిల మధ్య దాన్ని కూడా వెతకండి.

స్టెప్ 4: ఇప్పుడు వెనక్కి తిరిగి బిల్డింగును కింది నుంచి పైకి చదవండి

స్తంభానికి అవతలి వైపు, చౌక్ పడమటి అంచు దాకా వెళ్ళి నిలబడండి. దగ్గర్నుంచి చూస్తే పై శిల్పాలు బాల్కనీ అంచు వెనక దాక్కుంటాయి.

స్టెప్ 1లో తీసిన ఫోటో తెరిచి పక్కన పెట్టుకోండి. ఈ చోట నగరసభ కోసం కట్టిన మొదటి బిల్డింగు, భూకంపం తర్వాతది, దాదాపు ఆ ఫోటోలోని కుటుంబానికి చెందినదే: పొంబాల్ కాలపు లెక్క ప్రకారం కట్టింది. 1863 నవంబర్ 19న అది కాలిపోయింది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఆ బూడిద మీద లేచింది. ఆర్కిటెక్ట్ దొమింగుస్ పరెంత్ ద సిల్వ. 1860ల మధ్యలో మొదలై 1880 నాటికి పూర్తయింది. నూరేళ్ళలో అభిరుచి ఎంత మారిందో ఆ రెండు ముఖాల మధ్య తేడాయే చెబుతుంది.

వరసగా చూడండి:

1. కింది అంతస్తు. రాళ్ళ మధ్య గీతలు లోతుగా, బరువుగా. బిల్డింగు నేలలో పాతుకున్నట్టు కనపడాలని అలా చేస్తారు.

2. దాని పై అంతస్తు. బాల్కనీ ఉన్నది ఇదే. పోర్చుగీసులో దీన్ని 'ఆందర్ నోబ్రె' అంటారు, అంటే గొప్పవాళ్ళ అంతస్తు. మీటింగ్ హాళ్ళు, అతిథుల గదులు అన్నీ ఇక్కడే. కిటికీల పైన అలంకారం ఎక్కువైందా లేదా చూడండి. బైషా ఫోటోలో కిటికీలన్నీ సమానం, ఇక్కడ అంతస్తుకో హోదా. ఒక సంగతి, అంతస్తుల లెక్క మన లాగానే ఉంటుంది: గ్రౌండ్ ఫ్లోర్ తర్వాతిదే ఫస్ట్ ఫ్లోర్. అమెరికా నుంచి వచ్చిన మనవాళ్ళే ఇక్కడ తడబడతారు.

3. మధ్య భాగం. స్తంభాలు, ముందుకు పొడుచుకొచ్చిన గోడ. రెండు పక్కలు వెనక్కి తగ్గి ఉంటాయి. కన్ను నేరుగా బాల్కనీ మీదికే పోతుంది. ఆ పనికే కట్టారు.

4. పై అంచు. జూమ్ తీయండి. గుంపుగా ఉన్న శిల్పాలు ఫ్రెంచ్ శిల్పి అనతోల్ కాల్మెల్స్ పని. స్టెప్ 1లో మీరు దాటొచ్చిన రువా అగుస్తా ఆర్చి నెత్తిమీద కిరీటాలు పెడుతున్న పెద్ద విగ్రహాలు కూడా ఆయనవే. మధ్యలో నగర చిహ్నాన్ని వెతకండి.

ఆ చిహ్నమే మీ పరీక్ష. ఒక ఓడ, ముందొక కాకి, వెనకొక కాకి. పన్నెండో శతాబ్దంలో సెయింట్ విన్సెంట్ అస్థికలను ఓడలో లిస్బన్ తెస్తుంటే రెండు కాకులు దారి పొడవునా కావలి కాశాయని కథ. ఒకసారి ఇది గుర్తుపడితే ఆ తర్వాత మిమ్మల్ని వదలదు: దీపస్తంభాల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద, మునిసిపాలిటీ బళ్ళ మీద అదే ఓడ, అవే కాకులు. మన దగ్గర కాకి ఇంటిమీద వాలితే చుట్టాలొస్తారంటాం, పిండం ముట్టాలంటాం, అంతేగానీ ఊరి గుర్తుగా పెట్టుకున్న ఊరు నాకైతే తట్టడం లేదు.

*చెక్ చేసుకోవడం:* మీ ఫోటోను పెద్దది చేసి చూడండి. చిహ్నం ఆకారం విడిగా కనిపిస్తే నిలబడ్డ చోటు, టైమ్ రెండూ సరైనవే. నల్లగా కలిసిపోతే పొద్దున వచ్చి ఉంటారు. పై భాగం తెగిపోతే దగ్గరగా నిలబడ్డారు.

స్టెప్ 5: బాల్కనీ కింద నిలబడండి

1910 అక్టోబర్ 5 పొద్దున ఈ బాల్కనీ మీద నుంచి జొజే రెల్వాస్ అనే రిపబ్లికన్ నాయకుడు రాచరికం ముగిసిందని, ఇకపై రిపబ్లిక్ అని ప్రకటించాడు. అంతకు ముందు రోజు నదిలోని యుద్ధనౌకలు రాజు ఉన్న నెసెసిదాదిస్ భవనం మీద గుళ్ళు పేల్చాయి. పద్దెనిమిదేళ్ళకే రాజైన, తండ్రినీ అన్ననీ స్టెప్ 2 మలుపులో పోగొట్టుకున్న రెండో మనుయెల్, ఎరిసైరా అనే చేపల రేవు నుంచి ఓడెక్కి దేశం వదిలి వెళ్ళిపోయాడు.

అందరూ అడిగే ప్రశ్న: రాజభవనం నుంచో పార్లమెంటు నుంచో ప్రకటించకుండా మున్సిపల్ ఆఫీసు నుంచి ఎందుకు? జవాబు రెండేళ్ళ ముందు ఉంది. 1908 చివర్లో జరిగిన ఎన్నికల్లో లిస్బన్ కామరను రిపబ్లికన్లు గెలుచుకున్నారు. దేశం ఇంకా రాజుది, కానీ ఈ బిల్డింగు అప్పటికే వాళ్ళది. చేతిలో ఉన్న ఇంటి అరుగు మీద నుంచే కదా ఎవరైనా ముందు కేకేసేది! నన్నడిగితే ఈ మొత్తం చౌక్‌లో తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఇదే. శిల్పులు, స్తంభాలు దీని తర్వాతే.

ఇప్పటికీ ఏటా అక్టోబర్ 5న ఇక్కడే జెండా ఎగరేస్తారు. 2012లో అధ్యక్షుడు అనీబల్ కవాకు సిల్వ తాడు లాగితే జెండా తలకిందులుగా పైకి పోయింది. టీవీల్లో దేశమంతా చూసింది. పైగా పొదుపు చర్యల పేరుతో ఆ మరుసటేడు నుంచి ఆ రోజుకు సెలవు తీసేశారు, 2016లో మళ్ళీ ఇచ్చారు. ఆ తలకిందుల జెండాను అప్పట్లో జనం శకునంలా చెప్పుకున్నారు.

మీరు వెళ్ళిన రోజు పోర్చుగల్ జెండా ఉంటే సరిగా ఉందో లేదో ఇలా చూడండి: కర్ర వైపు ఆకుపచ్చ, అవతల ఎరుపు. మధ్యలో అదే గోళం, దాని మీద డాలు. డాలు అంచున ఏడు కోటలు. కోటల బురుజులు పైకి ఉంటే సరి. 2012లో కోటలు శీర్షాసనం వేశాయి.

*జాగ్రత్త:* అక్టోబర్ 5న వెళ్ళాలనుకుంటే బిల్డింగు చూడటం మర్చిపోండి. బారికేడ్లు, పోలీసులు, కెమెరాలు. ఆ సందడి కావాలంటే సరే, స్టెప్ 3, 4 ముందు రోజే ముగించుకోండి.

స్టెప్ 6: లోపలికి, వీలైతే

ఇది మ్యూజియం కాదు, నడుస్తున్న ఆఫీసు. గైడెడ్ సందర్శన రోజులు కామర ప్రకటిస్తుంది. బయల్దేరే వారం ముందు చూసుకోండి, ఆ రోజు పొద్దున మళ్ళీ చూసుకోండి. ఏదో మీటింగ్ పడిందని ఆపేసిన సందర్భాలు నాకే రెండుసార్లు ఎదురయ్యాయి. ఊరికే గుమ్మంలోకి నడిచి "చూస్తాం" అంటే మర్యాదగానే పంపించేస్తారు.

లోపలికి వెళ్తే మూడే చూడండి. మధ్యలో మెట్లు, మెట్ల పైన వెలుతురు జారే గుమ్మటం, ఆందర్ నోబ్రెలోని పెద్ద హాలు. కొలుంబాను బొర్దాలు పిన్యైరు, జొజే మల్యోవా లాంటి ఆ కాలపు పేరున్న చిత్రకారులు ఇక్కడి గదులకు బొమ్మలు వేశారు. గుమ్మటం కింద, మెట్ల మధ్యలో నిలబడి తలెత్తండి. మా ఇంటి మండువాలో వాన రోజు పైకి చూసినట్టు ఉంటుంది నాకు. వెలుతురంతా ఒకే చోటు నుంచి కిందికి దిగుతుంది.

ఇక్కడ మూడో సంవత్సరం గుర్తు చేసుకోండి. 1996 నవంబర్ 7న మళ్ళీ మంటలు. పై అంతస్తులు కాలిపోయాయి, కింది అంతస్తు పైకప్పులు కూడా దెబ్బతిన్నాయి. తర్వాత ఆర్కిటెక్ట్ సిల్వ దియాస్ ఆధ్వర్యంలో బాగుచేశారు. మధ్యలో వందేళ్ళలో ఆఫీసు అవసరాలకని వేసిన అడ్డుగోడలు, చేర్పులు తీసేసి, మొదటి ప్లాన్‌కు దగ్గరగా తెచ్చే ప్రయత్నం చేశారు. కాబట్టి లోపల ఏది చూసినా గైడ్‌ను ఒక్కటే అడగండి: "ఇది 1996కి ముందుదా, తర్వాతదా?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు సంవత్సరాల చిట్టాకన్నా ఆసక్తిగా ఉంటాయి.

*లోపలికి వీలు కాకపోతే:* దిగులొద్దు. స్టెప్ 3, 4, 5 అయితే ముప్పావు వంతు అయినట్టే.

స్టెప్ 7: పక్కనే నేల కిందికి దిగండి

టౌన్ హాల్ పక్కనే పాత సావు జులియావు చర్చి ఉంది. దాన్ని బ్యాంక్ ఆఫ్ పోర్చుగల్ కొనుక్కుంది. దేవుడు ఖాళీ చేశాక కొన్నాళ్ళు అందులో బ్యాంకు ఖజానా, కార్ల పార్కింగ్ కూడా నడిచాయి. 2016 నుంచి అక్కడ డబ్బు మ్యూజియం. డబ్బు చూడకపోయినా పర్లేదు, కిందికి దిగండి. బ్యాంకు పనుల కోసం తవ్వుతుంటే దొరికిన రాజు దినీస్ గోడ అక్కడుంది. పదమూడో శతాబ్దం చివర్లో నది వైపు నుంచి వచ్చే దాడులకు అడ్డంగా కట్టిన గోడ. అంటే ఒకప్పుడు నీళ్ళు ఇక్కడిదాకా ఉండేవి.

అక్కడే నేలలో పాతిన పైన్ చెక్క దుంగలు కూడా చూపిస్తారు. భూకంపం తర్వాత ఈ మెత్తటి నేల మీద బిల్డింగులు నిలబెట్టడానికి వేసిన పునాది ఏర్పాటు అది. పైన అంత రాయి, అంత డాబు చూశాక, అవన్నీ బురదలో గుచ్చిన కట్టెల మీద నిలబడ్డాయని తెలిస్తే మా బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. వారంలో అన్ని రోజులూ తెరిచి ఉండదు, ముందే చూసుకోండి.

మీరు సరిగ్గా చూశారో లేదో చూసుకోండి

హోటల్‌కి వచ్చాక ఫోన్ ముట్టుకోకుండా పక్కవాళ్ళకు ఇవి చెప్పగలగాలి. స్తంభం పాతదా, బిల్డింగు పాతదా? చౌక్ నేల డిజైన్ ఏ కాలంది? ఓడ మీద ఎన్ని కాకులు? రిపబ్లిక్‌ను ఈ బాల్కనీ నుంచే ఎందుకు ప్రకటించారు? నాలుగింటిలో చివరిది చెప్పలేకపోతే స్టెప్ 5 మళ్ళీ చదవండి, మిగతావి పోనివ్వండి.

ఇంకో తప్పు తరచూ కనిపిస్తోంది కాబట్టి చెబుతున్నా. చాలామంది ఈ బిల్డింగును "పొంబాల్ కట్టించిన టౌన్ హాల్" అని క్యాప్షన్ పెడతారు. పొంబాల్ 1782లో పోయాడు. ఆయన కాలపు బిల్డింగు 1863లో కాలింది. ఇది ఆయన చూడని బిల్డింగు.

వేరే పరిస్థితుల్లో

*ఇరవై నిమిషాలే ఉంటే:* స్టెప్ 3లో స్తంభం, స్టెప్ 4లో పై అంచు, స్టెప్ 5లో బాల్కనీ. మిగతావి వదిలేయండి.

*పెద్దవాళ్ళతో వస్తే:* స్టెప్ 1, 2 ట్యాక్సీలో దాటించి నేరుగా చౌక్ పక్కన దించండి. తర్వాత మ్యూజియం, లోపల చల్లగా ఉంటుంది.

*వాన పడుతుంటే:* స్టెప్ 7తో మొదలుపెట్టి వాన తగ్గాక బయటికి రండి. తడిసిన రాళ్ళ మీద తల పైకెత్తి నడవడం ఎముకల డాక్టర్‌కి గిరాకీ.

*లిస్బన్ కాకుండా వేరే ఊరు వెళ్తుంటే:* ఇదే పద్ధతి చాలాచోట్ల పనిచేస్తుంది: ముందు ఊరి మామూలు ఇళ్ళు, తర్వాత ఉంటే పెలొరీన్యు, చివరికి టౌన్ హాల్. పోర్తులో అయితే అవెనీదా దుస్ అలియాదుస్ చివర గ్రానైట్ టవర్ ఉన్న టౌన్ హాల్, 1920లో మొదలుపెట్టి 1950లలో గానీ ముగించలేకపోయారు. సింత్రాలో 20వ శతాబ్దం మొదట్లో కట్టిన టౌన్ హాల్ ఉంది, బొమ్మల పుస్తకంలోంచి దూకినట్టు రంగు పెంకుల శిఖరం. గిమరైన్స్‌లో పాత నగరసభ కమాను మండపం మీద కూర్చుని ఉంటుంది, కింద నుంచి జనం అటూ ఇటూ నడుస్తారు. బాగా పాతది కావాలంటే ఉత్తరాన బ్రగాన్సా కోటలో 'దోముస్ మునిసిపాలిస్' చూడండి. ఐదు గోడల రాతి కట్టడం, చుట్టూ కిటికీల వరస, కింద నీళ్ళ తొట్టి. ఊరి పెద్దలు పైన కూర్చుని మాట్లాడుకునేవారు, కింద ఊరి నీళ్ళు.

*చివరగా ఆకలేస్తే:* టౌన్ హాల్ దాటి రువా దు ఆర్సెనాల్‌లో ఇంకాస్త పడమరకు నడవండి. ఉప్పు వేసి ఎండబెట్టిన కాడ్ చేప, 'బకల్యావు', పలకల్లా పేర్చి అమ్మే పాత కొట్లు ఉన్నాయి. అడ్రస్ అక్కర్లేదు, ముక్కు చెబుతుంది. బందరు, కాకినాడ వాళ్ళకైతే ఇంటికొచ్చినట్టే ఉంటుంది. కొని సూట్‌కేస్‌లో పెట్టుకోవాలనుకుంటే మాత్రం మూడు కవర్లు చుట్టించుకోండి, బట్టలకి వాసన పడితే నన్నడక్కండి.